అక్షరం వెనక రంగు

శాసనాల పరిశోధకులు ఒక ఊరికి బయలుదేరారంటే సంచిలో కాగితాలు, నల్లసిరా, గట్టి కుచ్చుల కుంచె, సిరా అద్దడానికి ఒక గుడ్డ ముద్ద ఉండాల్సిందే. ముందు రాతిని కడుగుతారు. తడి కాగితాన్ని దాని మీద పరిచి కుంచెతో బాదుతారు. బాదేకొద్దీ కాగితం చెక్కిన గాడుల్లోకి దిగుతుంది. తర్వాత సిరా ముద్దతో పైపైన తట్టుకుంటూ పోతారు. ఎత్తుగా ఉన్న రాతి ముఖం మీదే సిరా పడుతుంది, గాడి మాత్రం తెల్లగా మిగిలిపోతుంది. ఆరాక కాగితాన్ని ఊడదీస్తే నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు. కడప జిల్లా ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం ఉంది. క్రీ.శ. 575 ప్రాంతానిదని, తెలుగులో తొలి పూర్తి శాసనమని చరిత్రకారులు చెప్పేది దీన్నే. కర్నూలు జిల్లాలో పత్తికొండ దారిలో ఉన్న ఎర్రగుడి బండల మీది అశోకుడి శాసనాలు 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడి కంటపడ్డాయి. ఇలాంటివి పండితుల బల్లల మీదికి వచ్చింది ఈ నల్ల కాగితాల రూపంలోనే. ఆ పనిలో అక్షరానికి ఎవరూ రంగు వేయలేదు. రంగంతా దాని చుట్టూ ఉన్న ఖాళీకే వేశారు.

కంప్యూటర్లో ఒక వాక్యాన్ని ఎంచుకుని దాని వెనక రంగు పెట్టినప్పుడు మనం చేసేదీ ఖాళీకి రంగు వేయడమే. కాకపోతే ఒక పెద్ద తేడా ఉంది. తడి కాగితానికి అక్షరం ఆకారం తెలుస్తుంది, గాడి ఎంత లోతుకు, ఎంత దూరం పోతే అంతవరకూ దాంతోపాటు పోతుంది. వర్డ్ ప్రాసెసర్‌కు ఆ సంగతి పట్టదు. అది ముందు ఒక దీర్ఘచతురస్రం గీసి రంగు నింపుతుంది, దాని మీద అక్షరాలను దింపుతుంది. అక్షరం ఆ పెట్టెలో పట్టిందా లేదా అన్నది దాని లెక్కలో లేదు. తెలుగు వాళ్లకు వచ్చే చిక్కులు చాలావరకు ఆ పెట్టె దగ్గరే మొదలవుతాయి.

కడప ఏడు రోడ్ల కూడలి దగ్గరైనా, కర్నూలు కలెక్టరాఫీసు చుట్టుపక్కలైనా డీటీపీ సెంటర్లలో ఇలాంటి మాటలు వినపడుతూనే ఉంటాయి:

“అన్నా, ఈ పేరు ఎనకాల రొంత రంగు ఎయ్యి.”

“ఏం రంగు కావల్ల?”

“పసుపే ఎయ్యన్నా, శుభకార్యం కదా.”

పసుపు సంగతి తర్వాత. ముందు ఆ పెట్టె ఎత్తును ఎవరు నిర్ణయిస్తారో చూద్దాం. వెడల్పు సులువే, వరసలో ఉన్న అక్షరాల వెడల్పులన్నీ కూడితే సరిపోతుంది. ఎత్తు మాత్రం అక్షరాన్ని బట్టి రాదు, ఫాంటును బట్టి వస్తుంది. అక్షరాలు కూర్చునే గీతకు పైన ఇంత, కింద ఇంత అని ప్రతి ఫాంటులోనూ రెండు అంకెలు రాసి ఉంటాయి. ఆ రెండూ కలిపితే పెట్టె ఎత్తు. ఇంగ్లీషు అక్షరాల్లో గీత కిందికి దిగేవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే, అవి కూడా కొంచెమే దిగుతాయి. కాబట్టి అక్కడ ఈ ఏర్పాటు ఇబ్బంది లేకుండా నడిచిపోతుంది.

మన లిపి కిందికి దిగడంలో మొహమాటం లేనిది. “అమ్మ”లో ఒక వత్తు. “రాష్ట్రం”లో ష కింద ట వత్తు, దాంతోపాటు ర వత్తు. “స్వాతంత్ర్యం”లో త కింద రెండు వత్తులు. పైకి చూస్తే గుడి, ఏత్వం, ఓత్వం. ఫాంటు చేసే మనిషికి ఇక్కడ ఒక కష్టం ఎదురవుతుంది. ఎంత లోతు వత్తయినా పట్టేలా కింది కొలతను పెంచితే వరసకూ వరసకూ మధ్య ఎడం పెరిగి, పేజీలో పట్టే వరసలు తగ్గుతాయి, పుస్తకం లావవుతుంది. తగ్గిస్తే లోతైన వత్తులు పెట్టె అంచు దాటి బయట వేలాడతాయి. ఒక్కొక్కరు ఒక్కో చోట రాజీ పడ్డారు. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఒక కొలత, ఆ తర్వాతి నిర్మల ఇంకో కొలత, దేశికాచారి చేసిన పోతన, వేమన ఫాంట్లది మరో దారి. అందుకే రంగు వేసిన వాక్యాన్ని అలాగే ఉంచి ఫాంటు ఒక్కటి మారిస్తే రంగు పట్టీ మందం కూడా మారిపోతుంది. దీన్ని చూసి కంప్యూటర్ పాడైందనుకునేవాళ్లు ఉన్నారు.

అసలు ముప్పు వరుసల మధ్య ఎడం తగ్గించినప్పుడు వస్తుంది. ఒకే పేజీలో అంతా ఇరికించాలని వరుస ఎత్తును “ఎగ్జాక్ట్‌లీ” అని పెట్టి ఒక అంకె ఇస్తాం. వర్డ్ ఆ అంకెను అక్షరాలా పాటిస్తుంది, పట్టని వత్తును తెర మీద కోసేస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో, వెబ్ పేజీల్లో మరో విచిత్రం జరుగుతుంది. రంగు వరుసవరుసకూ వేరుగా పడుతుంది కాబట్టి, మొదటి వరుస అక్షరాలు రాసేశాక రెండో వరుస రంగు పెట్టె వచ్చి పై వరుస వత్తుల మీద కూర్చుంటుంది. “మొక్కజొన్న” కాస్తా “మొకజొన” అయిపోతుంది. అచ్చులో ఇది దొరకడం కష్టం, ఎందుకంటే చదివే మనిషి మనసు తప్పిపోయిన వత్తును తానే పూరించుకుంటుంది. ఊరి పేరో ఇంటి పేరో అయితే పూరించుకోవడానికీ ఆధారం ఉండదు.

దీనికి మందు సులువైనదే. రంగును మాటలకు కాకుండా పేరాకు వేయాలి. వర్డ్‌లో “బోర్డర్స్ అండ్ షేడింగ్” కిటికీ తెరిస్తే కుడి పక్క “అప్లయ్ టు” అని ఒక గడి ఉంటుంది. అందులో “టెక్స్ట్” బదులు “పేరాగ్రాఫ్” ఎంచుకుంటే మొత్తం పేరా వెనక ఒకే పెద్ద పెట్టె పడుతుంది, వరసల మధ్య అతుకులుండవు, ఏ వత్తూ దేని కిందా చిక్కదు. వరుస ఎత్తుకు “ఎగ్జాక్ట్‌లీ” వదిలేసి “మల్టిపుల్” గానీ “అట్ లీస్ట్” గానీ పెట్టుకోవాలి. నా మట్టుకు నేను తెలుగులో ఒక్క మాట వెనక రంగు పెట్టడం కంటే ఆ మాటను వేరే వరుసలో నిలబెట్టి పేరాకు రంగు వేయడమే మేలంటాను. కరపత్రంలో చోటు కొంచెం పోతుంది, పోనీ.

ఒకటో తరగతి వాచకం తయారుచేసే పంతుళ్లు ఇంకో కోరిక కోరతారు. “క్క”లో కింది వత్తు వెనక మాత్రమే రంగు పడాలి, పిల్లలు వత్తును గుర్తుపట్టాలి అని. కోరిక న్యాయమైనదే, కానీ కుదరదు. యూనికోడ్‌లో ఆ అక్షరం క, పొల్లు, క అని మూడు సంకేతాలుగా ఒకదాని వెనక ఒకటి నిలవ ఉంటుంది. తెర మీదికి వచ్చేసరికి అవి కలిసి ఒక్క బొమ్మ అవుతాయి. రంగు పెట్టె నిలువునా పై నుంచి కింది దాకా పోయే పట్టీ కాబట్టి తల్లక్షరాన్ని వదిలి వత్తును మాత్రమే కప్పడం దాని చేతకాదు. పాఠ్యపుస్తకాల్లో అలా కనబడుతున్నాయంటే ఎవరో చేత్తో బొమ్మ గీసి అక్కడ అతికించారన్నమాట.

వర్డ్‌లో వెనక రంగు పెట్టే దారులు రెండున్నాయి, చూపుకు ఒకేలా ఉంటాయి, లోపల వేరు. ఒకటి హైలైట్. రంగు పెన్ను బొమ్మ ఉన్న మీట. అందులో 15 రంగులే ఉంటాయి. రెండోది షేడింగ్. ఇందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటి 256 మెట్లుగా కలుపుకోవచ్చు గనుక మొత్తం 1,67,77,216 రంగులు. ఫైలు లోపల కూడా ఈ రెండూ వేరు వేరు గుర్తులుగా నిలవ ఉంటాయి. షేడింగ్‌ను ఒక స్టైల్‌లో భాగం చేసి పెట్టుకుంటే పుస్తకమంతటా శీర్షికల రంగును ఒక్క చోట మార్చి సరిచేయవచ్చు. హైలైట్‌ను అలా స్టైల్‌లో కలపలేం. అది పని మధ్యలో పెట్టుకునే గుర్తు, పని అయ్యాక తుడిచేయాల్సింది.

ఈ తేడా ఎక్కడ పనికొస్తుందంటే, కడపలో బ్రౌన్ చేయించిన పనిలాంటి చోట. 1820లో ఉద్యోగం మీద కడప వచ్చిన సి.పి. బ్రౌన్ అక్కడ బంగళా కొని, పండితులను పెట్టి, ఒకే కావ్యానికి దొరికిన రకరకాల ప్రతులను పక్కపక్కన పెట్టి పాఠాలు సరిచూడించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం, పరిశోధన కేంద్రం నడుస్తున్నాయి. జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుబట్టి సాధించింది అది. ఇవాళ ఎవరైనా ఆ పనిని కంప్యూటర్ మీద చేస్తే ప్రతి ప్రతికీ ఒక రంగు కేటాయించి, పాఠం తేడా వచ్చిన మాటలకు హైలైట్ పెట్టుకుంటారు. హైలైట్ పెట్టిన మాటలు ఎక్కడున్నాయో వెతికే సౌకర్యం కూడా ఉంది. పాఠం ఖరారయ్యాక హైలైట్లన్నీ తీసేసి, అచ్చులో ఉండాల్సిన పట్టీలకు మాత్రం షేడింగ్ వేస్తారు.

ఇప్పుడు పసుపు. శుభలేఖ నాలుగు మూలలా పసుపు అద్దే అలవాటు మనది, మైదుకూరు పేరు మీద ఒక పసుపు రకమే ఉంది. పసుపులోని కర్కుమిన్ ఊదా, నీలం వెలుగును మింగి మిగతాది తిప్పికొడుతుంది. తిప్పికొట్టిన దాంట్లో ఎరుపు, ఆకుపచ్చ వెలుగులు రెండూ ఉంటాయి. మన కంటికి ప్రకాశం అందించేవి ముఖ్యంగా ఆ రెండే. ఈ సంగతిని లెక్కగా రాసినవాళ్లున్నారు. తెర మీది తెలుపు ప్రకాశాన్ని 100 అనుకుంటే అందులో ఆకుపచ్చ వాటా సుమారు 71.5, ఎరుపుది 21.3, నీలానిది 7.2 మాత్రమే. తెర మీది నిండు పసుపు అంటే ఎరుపు, ఆకుపచ్చ పూర్తిగా వెలిగి నీలం ఆరిపోవడం. అంటే తెలుపు నుంచి 7 పాళ్లు తగ్గి దాదాపు 93 మిగిలిందన్నమాట. రంగు కొట్టొచ్చినట్టు కనబడుతుంది, వెలుగు మాత్రం పెద్దగా తగ్గదు. నిండు రంగుల్లో నల్ల అక్షరానికి ఇంతకంటే మంచి నేల దొరకదు. 1971లో జర్మనీలో స్టాబిలో కంపెనీ తెచ్చిన మెరిసే రంగు పెన్నులు ఇంకో అడుగు ముందుకు వేశాయి. కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలను కూడా మింగి పసుపుగా వెలిగించే రంగు వాటిలో ఉంటుంది. కర్కుమిన్‌కూ ఆ గుణం ఉంది, అతినీలలోహిత దీపం కింద పెడితే పసుపుకొమ్ము పొడి వెలుగుతుంది. తెర మీది పసుపుకు ఆ శక్తి లేదు.

వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థ 2008లో అక్షరానికీ నేలకూ మధ్య ఉండాల్సిన తేడాను ఒక నిష్పత్తిగా కట్టింది. రెండింటిలో ఎక్కువ ప్రకాశానికి కొంచెం, తక్కువ ప్రకాశానికి అంతే కొంచెం కలిపి భాగిస్తారు. తెలుపు మీద నలుపు 21కి 1, అదే గరిష్ఠం. మామూలు అక్షరాలకు కనీసం 4.5కు 1 ఉండాలి. పసుపు మీద నలుపు 19.5 దాటుతుంది. తెలుపు మీద నిండు ఎరుపు 4 మాత్రమే. పసుపు మీద ఎరుపు 3.7. పెళ్లి పత్రికల్లో, జాతర కరపత్రాల్లో మనకు ప్రాణమైన ఈ జోడీ కనీస మార్కు తెచ్చుకోలేదు! పెద్ద అక్షరాలకు 3 చాలన్న వెసులుబాటు ఉంది కాబట్టి శీర్షికకు సరే, కింద చిన్న అక్షరాల్లో ముహూర్తం వేళ రాస్తే తాతలు కళ్లజోడు ముందుకూ వెనక్కూ జరపాల్సిందే. నిండు నీలం మీద నలుపు 2.4, నీలం మీద ఎరుపు 2.1. ఈ రెండో జోడీతో ఇంకో బాధ కూడా ఉంది. కంటి కటకం ఎరుపునూ నీలాన్నీ ఒకే చోట కేంద్రీకరించలేదు, అందుకని అక్షరాలు కాగితం మీద నుంచి లేచి ఊగుతున్నట్టు కనిపిస్తాయి. పైగా నీలాన్ని పట్టే కణాలు రెటీనాలో మొత్తం శంకుకణాల్లో పదో వంతు కూడా ఉండవు, చూపు సూటిగా పడే నట్టనడుమ చోట అసలే ఉండవు. సన్నటి గీతను గుర్తుపట్టే పనికి నీలం తేడా పనికిరాదనడానికి కారణం అదే.

లెక్కకు అందని సంగతి ఒకటుంది. పక్కన ఏముందన్నదాన్ని బట్టి రంగు మారినట్టు కనబడటం. పారిస్‌లో గోబెలాఁ నేతశాలలో అద్దకం పనికి పెద్దగా ఉన్న రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రల్‌కు నల్లదారం నలుపు చాలట్లేదని ఫిర్యాదులు వచ్చాయి. వెతికితే దారంలో లోపం లేదు, దాని పక్కన నేసిన రంగులే దాన్ని వెలవెలబోయేలా చేస్తున్నాయి. ఆయన 1839లో దీని మీద పెద్ద పుస్తకమే రాశాడు. బూడిద రంగు అక్షరాన్ని పసుపు నేల మీద పెడితే కొంచెం నీలంగా కనబడటం ఈ కోవలోదే. తెర మీద సరిచూసుకున్న రంగు అచ్చులో వేరుగా ఉందని డీటీపీ కుర్రాడి మీద కేకలేసే ముందు ఈ షెవ్రల్ కథ చెప్పాలనిపిస్తుంది నాకు.

అచ్చు దగ్గర కథ మళ్లీ మలుపు తిరుగుతుంది. మామూలు లేజర్ ప్రింటర్‌లో నల్ల పొడి తప్ప బూడిద పొడి ఉండదు. బూడిద రంగు కావాలంటే నల్ల చుక్కలను దూరం దూరంగా పెట్టి కంటిని నమ్మించడమే. అంగుళానికి 600 చుక్కలు పెట్టగల యంత్రం, అంగుళానికి 100 గడుల లెక్కన విభజించుకుంటే ఒక్కో గడిలో ఆరు ఆర్ల 36 చుక్కలకు చోటు. 10 శాతం బూడిద అంటే అందులో మూడో నాలుగో నలుపవుతాయి. గడికీ గడికీ మధ్య దూరం పావు మిల్లీమీటరు. వర్డ్ షేడింగ్ పట్టికలో ఇప్పటికీ 5 శాతం, 10 శాతం, 12.5 శాతం అంటూ కనబడే వరస ఆ నలుపు తెలుపు యంత్రాల కాలం నుంచి మిగిలిందే.

ఈ చుక్కలు తెలుగుకు ప్రత్యేకంగా అడ్డం. ఎందుకంటే మన లిపిలో చుక్కకు అర్థం ఉంది. “ర” కడుపులో చుక్క పెడితే “ఠ”. “ధ”ను, “థ”ను వేరు చేసేదీ ఆ కడుపులోని చుక్కే. 12 పాయింట్ల అక్షరంలో ఆ కడుపు ఖాళీ ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. అంటే బూడిద నేల చుక్కలు మూడు నాలుగు వరుసలు అందులో పడతాయి. మొదటి అచ్చులో అవి సన్నగా ఉండి కంటికి ఆనవు. దాన్ని జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌కు మళ్లీ జిరాక్స్ తీస్తే చుక్కలు కొన్ని రాలిపోతాయి, కొన్ని కలిసి ముద్దలవుతాయి. అడంగల్ నకళ్లు, కుల ధ్రువీకరణ పత్రాలు, లబ్ధిదారుల జాబితాలు మన ఆఫీసుల్లో ఎన్ని తరాల జిరాక్సులు చూస్తాయో తెలిసిందే. అలాంటి కాగితంలో ముఖ్యమైన వరుస అని బూడిద రంగు వేస్తే, చివరికి ఆ ముఖ్యమైన వరుసే చదవడానికి రాకుండా పోతుంది. అదే లేత పసుపు అయితే నలుపు తెలుపు జిరాక్స్ దాన్ని దాదాపు తెలుపుగానే చూస్తుంది. రంగు పోయినా అక్షరం మిగులుతుంది. గులాబీ, ముదురు ఆకుపచ్చ వేస్తే రెండూ పోతాయి.

నల్ల నేల మీద తెల్ల అక్షరం పెట్టాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. సిరా కాగితంలో కొంచెం పక్కకు పాకుతుంది. తెల్ల కాగితం మీద నల్ల అక్షరమైతే పాకినందువల్ల అక్షరం కాస్త లావవుతుంది, నష్టం లేదు. తిరగేస్తే సిరా నాలుగు వైపుల నుంచి అక్షరంలోకి పాకుతుంది, తలకట్టు సన్నబడి తెగుతుంది, వత్తుల వంపులు పూడుకుపోతాయి. అందుకే అలాంటి చోట ఒకే మందం ఉన్న బొద్దు ఫాంటు తీసుకుని, సైజు రెండు పాయింట్లు పెంచాలి. కడప నల్లబండ మీద శిలాఫలకాలు చెక్కేవాళ్లకు ఈ బాధ లేదు. సానపట్టిన నల్ల సున్నపురాయి వెలుగును ఒకే దిక్కుకు అద్దంలా పంపుతుంది, ఉలి తగిలిన గరుకు చోటు అన్ని దిక్కులకూ చెదరగొడుతుంది. అందుకే రంగు నింపకముందే అక్షరం తెల్లగా తేలుతుంది. వాళ్లు పాకే సిరాతో కాకుండా కదలని రాయితో పనిచేస్తారు, వత్తు ఎంత కిందికి దిగితే అంత కిందికి చెక్కుతారు.

ఇక జనం ఎక్కువగా అడిగే ప్రశ్న రంగు వేయడం గురించి కాదు, వదిలించుకోవడం గురించి. ఇంటర్నెట్ నుంచి ఒక పేరా తెచ్చి అతికిస్తే దాని వెనక బూడిదో లేత నీలమో పట్టీ వెంటపడి వస్తుంది. రంగు పెన్ను మీట నొక్కి “నో కలర్” అంటే కదలదు, ఎందుకంటే వచ్చింది హైలైట్ కాదు, షేడింగ్. ఆ మాటలు ఎంచుకుని కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కితే అక్షరాలకు అంటుకున్న షేడింగ్ పోతుంది. హైలైట్‌దేమో దీనికి తలకిందులు. ఈ మీటలకు గానీ, ఫార్మాటింగ్ మొత్తం తుడిచే ఆజ్ఞకు గానీ అది లొంగదు, రంగు పెన్నుతోనే తీయాలి. కంట్రోల్ స్పేస్‌కూ పోకపోతే రంగు పేరాకు పడిందని అర్థం, అప్పుడు కంట్రోల్, క్యూ. దానికీ కదలకపోతే మీ పేరా ఒక పట్టిక గడిలో కూర్చుని ఉంటుంది, రంగు ఆ గడిది. ఈ తిప్పలేవీ వద్దనుకుంటే అతికించేటప్పుడే “కీప్ టెక్స్ట్ ఓన్లీ” ఎంచుకోవాలి. బొద్దు అక్షరాలు, వాలు అక్షరాలు కూడా పోతాయి, వాటిని మళ్లీ పెట్టుకోవాల్సి వస్తుంది.